మూడు నియమాలు: ఒంగోలు ప్రాంత నూతన క్రైస్తవుల తొలి ఆచరణ (1866–1878)

తెలుగు సాహిత్య చరిత్రల్లో క్రైస్తవ సాహిత్యం సాధారణంగా గ్రంథాల వరుసగా కనిపిస్తుంది. పద్దెనిమిదో శతాబ్దికి చెందిన మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనము', బైబిలు అనువాదాలు, పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు ఆ వరుసలో ప్రధానమైనవి. ఈ క్రమం అవసరమైనదే. అయితే ఇందులో చదవగలిగినవారికే చోటు దొరికింది. పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో తెలుగు ప్రాంతంలో క్రైస్తవంలో చేరినవారిలో అత్యధికులు అక్షరజ్ఞానం లేని మాల, మాదిగ కులాల వారు. వారికి కొత్త మతం మొదట పుస్తకంగా అందలేదు. కొన్ని మాటలుగా, ఒక ప్రార్థనగా, రెండు మూడు పాటలుగా, చేయకూడని కొన్ని పనులుగా అందింది. ఆ తొలి పాఠం స్వరూపం ఏమిటి, దాన్ని పాటించినవారు ఏం కోల్పోయారు, ఏం పొందారు అన్న ప్రశ్నలను ఒంగోలు ప్రాంతపు అమెరికన్ బాప్తిస్టు మిషన్ చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముద్రిత ప్రశ్నోత్తరి, అక్షరం రాని శ్రోత

నూతన విశ్వాసికి మతంలోని మొదటి మెట్లు నేర్పడానికి ఐరోపా ప్రొటెస్టంటులు ఎక్కువగా ఆధారపడిన రూపం ప్రశ్నోత్తరి. ఈ రూపం తెలుగులోకి చాలా ముందే వచ్చింది. మద్రాసులో పనిచేసి స్వదేశానికి తిరిగి వెళ్ళిన బెంజమిన్ షుల్జ్ 1740లలో జర్మనీలోని హాలే నగరంలో అచ్చు వేయించిన తెలుగు పుస్తకాలలో లూథర్ చిన్న ప్రశ్నోత్తరి అనువాదం ఒకటి. అంటే తెలుగు ముద్రణ చరిత్ర తొలి అధ్యాయంలోనే నూతన క్రైస్తవుల పాఠ్యపుస్తకం ఉంది. ఆ తరువాత లండన్ మిషన్‌కు చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్ 1805లో విశాఖపట్నం చేరారు. ఆనందరాయరు సహాయంతో డే గ్రాంజ్ అనువదించిన సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. 1818లో అక్కడినుంచే తెలుగు కొత్త నిబంధన వెలువడింది.

ఈ పుస్తకాల ఎదురుగా ఉన్న పాఠకుడు ఎవరు? అనువాదకులకు తోడ్పడిన పండితులు, బడుల్లో చదివిన కొద్దిమంది అగ్రవర్ణ యువకులు. చర్చి మిషనరీ సొసైటీ 1841లో మచిలీపట్నంలో పని ప్రారంభించినప్పుడు రాబర్ట్ నోబుల్ నెలకొల్పిన పాఠశాల ఆశించింది కూడా అటువంటి విద్యార్థులనే. విద్య ద్వారా మతం పైనుంచి కిందికి వ్యాపిస్తుందన్నది ఆనాటి అంచనా. ఒంగోలులో జరిగింది దీనికి భిన్నం. నూతన విశ్వాసి ప్రశ్నోత్తరి చదవలేని మనిషి అయినప్పుడు బోధకుడు ముందుగా ఏం చెప్పాలన్న సమస్య అక్కడ తీవ్రంగా ఎదురైంది.

తాళ్లకొండపాడు ఆరంభం

అమెరికన్ బాప్తిస్టుల తెలుగు మిషన్‌ను 1836లో శామ్యూల్ డే ఆరంభించారు. 1840లో అది నెల్లూరులో స్థిరపడింది. చాలా ఏళ్ళపాటు సభ్యుల సంఖ్య స్వల్పంగానే ఉండడంతో మిషన్‌ను మూసివేయాలన్న చర్చ స్వదేశంలో ఒకటికి రెండు సార్లు వచ్చింది. 1854 జనవరి 1న లైమన్ జ్యుయెట్ దంపతులు, వారితోపాటు కొద్దిమంది తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండపై చేసిన ప్రార్థన ఆ సంఘాల జ్ఞాపకంలో నేటికీ నిలిచి ఉంది. జాన్ ఎవరెట్ క్లౌ 1865లో నెల్లూరు చేరి, మరుసటి ఏడాది ఒంగోలును తన కేంద్రంగా చేసుకున్నారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగం.

ఈ కథలో కీలక వ్యక్తి యర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడుకు చెందిన ఈ మాదిగ తోళ్ళ వ్యాపారి, అతని భార్య నాగమ్మ 1866లో బాప్తిస్మం పొందారు. పేరయ్య క్రైస్తవానికి ముందే మతజిజ్ఞాస గలవాడు. రాజయోగ సంప్రదాయంలో గురూపదేశం పొందినవాడు. మాదిగల మధ్య రాజయోగం, యోగి నాసరయ్య బోధ వంటివి ప్రచారంలో ఉన్నాయని ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన 'వైల్ సూయింగ్ శాండల్స్' నమోదు చేసింది. పోతులూరి వీరబ్రహ్మం శిష్యులలో మాదిగ కక్కయ్యను సంప్రదాయం ఎలాగూ స్మరిస్తుంది. గురువు, ఉపదేశం, విగ్రహాతీతుడైన దేవుడు అన్న భావాలు మాదిగపల్లెకు కొత్తవి కావు. తెలుగు క్రైస్తవ గ్రామాల్లో బోధకుణ్ణి 'ఉపదేశి' అని పిలవడం కూడా ఈ నేపథ్యంలోనే గమనించదగింది. మిషనరీ తెచ్చిన బోధ అప్పటికే అలవాటైన ఒక సంబంధంలోకి, అంటే గురుశిష్య సంబంధంలోకి, ప్రవేశించింది.

బాప్తిస్మం తరువాత పేరయ్య తన బంధువర్గంలో తిరిగి చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వద్ద విడిది చేసినప్పుడు చుట్టుపక్కల పల్లెల వారు కొన్ని రోజులకు సరిపడా తిండి సరంజామా మూట కట్టుకుని వచ్చి, అక్కడే ఉండి నేర్చుకున్నారు. ఆ కూటాల చివర ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పొందారు. అదే జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మంది సభ్యులతో ఏర్పడింది. మాదిగలను చేర్చుకుంటే తాము దూరమవుతామని ఒంగోలులోని అగ్రవర్ణ శ్రోతలు స్పష్టంగా చెప్పారు. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలోని తొలి అధ్యాయం చదివి క్లౌ దంపతులు తమ నిర్ణయం తీసుకున్నారని క్లౌ ఆత్మకథనం చెబుతుంది. ఆ నిర్ణయంతో ఒంగోలు మిషన్ సామాజిక స్వభావం స్థిరపడింది.

మూడు నియమాలు

మరణానంతరం 1914లో వెలువడిన 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' అనే తన గ్రంథంలో క్లౌ, మాదిగపల్లెల్లో నూతన క్రైస్తవుణ్ణి గుర్తుపట్టడానికి నిలిచిన మూడు నియమాలను పేర్కొన్నారు. ఆదివారం పని చేయరాదు. చచ్చిన పశువు మాంసం తినరాదు. విగ్రహాలకు మొక్కరాదు. ఇందులో త్రిత్వ సిద్ధాంతం లేదు, ప్రాయశ్చిత్త వివరణ లేదు. విశ్వాసానికి సంబంధించిన ఒప్పుకోలు విడిగా ఉండేది. అది క్రీస్తును రక్షకుడిగా అంగీకరించే క్లుప్తమైన మాట. దానికి పక్కన రోజువారీ బతుకులో కనబడవలసినవి ఈ మూడు నిషేధాలు. పైకి ఇవి శుచికీ భక్తికీ చెందిన చిన్న నియమాలుగా కనిపిస్తాయి. గ్రామవ్యవస్థలో మాదిగ స్థానాన్ని పక్కన పెట్టి చూస్తే నిజమైన బరువు తెలుస్తుంది.

మొదటి నియమం కాలానికి సంబంధించింది. ఆసామి కబురు వస్తే పోవలసిన మనిషికి తన రోజు అంటూ ఒకటి ఉండదు. నాట్లు, కోతలు, కపిల తోలడం, వెట్టి ఏవీ వారం చూసుకుని రావు. వారంలో ఒక రోజు రానని చెప్పడం భక్తి విషయంగా కాక ధిక్కారంగానే ఆసాములకు తోచింది. ఈ నియమం క్లౌ వెంట అమెరికా నుంచి వచ్చిన విశ్రాంతిదిన నిష్ఠ నుంచే పుట్టింది. కానీ తెలుగు పల్లెలో దాని అర్థం మారింది. తన శ్రమకాలంలో ఒక భాగం తనదేనని మాదిగ తొలిసారి ప్రకటించుకోవడానికి అది సాధనమయింది.

రెండో నియమం ఆహారానికి సంబంధించింది. గ్రామంలో చచ్చిన గొడ్డును లాగివేయడం మాదిగ బాధ్యత. తోలు, మాంసం అతని హక్కు. దానికి బదులుగా అతడు రైతుకు చెప్పులు, కపిల బానలు, పశువుల తోలు పగ్గాలు సమకూర్చాలి. కళ్ళంలో అతనికి మేర దక్కుతుంది. చచ్చిన గొడ్డు మాంసం మానడం తిండి విషయం మాత్రమే కాదు. కరవు రోజుల్లో అదే ఆధారం. పైగా ఈ మార్పిడి వ్యవస్థ అంతా ఆ కళేబరం చుట్టూ అల్లుకుని ఉంది. తోలుపని మానమని నియమం చెప్పలేదు. పేరయ్య స్వయంగా తోళ్ళ వ్యాపారి. కాని మాంసాన్ని నిరాకరించడంతో హక్కు, బాధ్యత అన్న జంటలో ఒకటి సడలింది. మాదిగను అంటరానివాడిగా చూపడానికి గ్రామం ముందుకు తెచ్చే మొదటి కారణాన్ని అతడు తానే తొలగించుకున్నాడు.

మూడో నియమం గ్రామదేవతల కొలుపులకు సంబంధించింది. పోలేరమ్మ, అంకమ్మ కొలుపులలో మాదిగ డప్పు లేకుండా తంతు సాగదు. మాతంగి స్థానం మాదిగ స్త్రీదే. విగ్రహాలకు మొక్కరాదన్న నియమం ప్రకారం నూతన క్రైస్తవుడు డప్పు కొట్టడానికి కూడా వెళ్ళకూడదు. ఊరిలో కలరా వచ్చినప్పుడు కొలుపు ఆగితే దోషం ఎవరిదవుతుందో ఊహించడం కష్టం కాదు. ఊరి క్షేమానికి అవసరమైన తంతు నుంచి తప్పుకున్నవాడిని ఊరు ఉపేక్షించలేదు. బావి దగ్గరికి రానివ్వకపోవడం, అంగడిలో సరుకు అమ్మకపోవడం, పశువులను తోలుకుపోవడం, కొట్టడం వంటి చర్యలు తొలి సంవత్సరాలలో పల్లె పల్లెకూ ఎదురయ్యాయని మిషన్ రచనలు చెబుతాయి.

ఈ మూడింటిని కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. శ్రమ, మేర, కొలుపు అనే మూడు బంధాలతో మాదిగ గ్రామానికి కట్టుబడి ఉన్నాడు. మూడు నియమాలలో ఒక్కొక్కటి ఒక్కొక్క బంధాన్ని తాకింది. నియమాలను రూపొందించినవారు ఇంత లెక్క వేసి చేశారని చెప్పడానికి ఆధారం లేదు. పాటించినవారికి మాత్రం వాటి ఫలితం ఈ రూపంలోనే అనుభవంలోకి వచ్చింది.

నేర్పిన తీరు

ఈ పాఠాన్ని పల్లెకు మోసినవారు మిషనరీలు కారు. పేరయ్య వంటి మాదిగ బోధకులు తమ బంధువుల ఊళ్ళు తిరిగి, చెప్పులు కుట్టే చోట, చెట్ల కింద, రాత్రి భోజనాల తరువాత మాట్లాడారు. పూర్వపు గురువులను ఆదరించినట్టే శిష్యులు వీరికి గింజలు, భోజనం సమకూర్చేవారు. బోధకులు నియమిత కాలాల్లో ఒంగోలులో కలుసుకుని, తమ పల్లెల సంగతులు చెప్పి, కొత్త వాక్యభాగాలు నేర్చుకుని తిరిగి వెళ్ళేవారు. బోధకులకు శిక్షణ ఇవ్వడానికి 1872లో రామాయపట్నంలో వేదాంత పాఠశాల మొదలయింది.

పల్లెలో క్లౌ కొత్త వ్యవస్థ ఏదీ నిర్మించలేదు. కులపెద్దలను, వారి పంచాయతీని సంఘవ్యవహారాలలో ఉపయోగించుకున్నారు. నియమం తప్పినవాడి విచారణ ఆ పెద్దల ముందే జరిగేది. బాప్తిస్మం కోరినవాడు విగ్రహాలను విడిచాడా, చచ్చిన గొడ్డు మాంసం మానాడా అన్నదానికి సాక్ష్యం చెప్పవలసింది అతని పల్లె బోధకుడు, పెద్దలు. కాబట్టి విశ్వాస పరీక్షలో జవాబు చెప్పేది నోరు మాత్రమే కాదు. నడవడిని ఇరుగుపొరుగు చూసి చెప్పాలి. చదువురాని సమాజంలో ప్రశ్నోత్తరి స్థానాన్ని ఈ సామూహిక సాక్ష్యం తీసుకుంది.

ఇక్కడ భాష విషయం ప్రస్తావించాలి. అనువాదకులు సిద్ధం చేసిన మాటలు సంస్కృత పదసంపద నుంచి వచ్చినవి: విశ్వాసము, రక్షణ, కృప, పరిశుద్ధాత్మ. 'మారుమనస్సు' వంటి సమాసం దేశీయ పదాన్ని కలుపుకుంది. 'బాప్తిస్మము' గ్రీకు మాటకు తెలుగు రూపం. కథోలికులు అదే సంస్కారానికి 'జ్ఞానస్నానము' అన్నారు. పల్లె వాడుకలో మాత్రం మతం స్వీకరించినవారిని 'మతంలో కలిసినవారు' అన్నారు. 'మారడం' కన్నా 'కలవడం' అన్న క్రియ స్థిరపడడం గమనార్హం. మారుమనస్సు ఒక వ్యక్తి లోపలి సంఘటనను చెబుతుంది. కలవడం ఒక సమూహంలోకి ప్రవేశాన్ని చెబుతుంది. కుటుంబాలుగా, పల్లెలుగా వచ్చినవారికి రెండో మాటే తమ అనుభవానికి దగ్గరగా తోచి ఉండాలి. ఊరి బంధాలు తెగుతున్న సమయంలో కలవడానికి మరో సమూహం ఉండడం వారికి అవసరం కూడా.

కరవు, బాప్తిస్మాల నిలుపుదల

1876–78 మహాకరవు ఈ చరిత్రలో వివాదాస్పదమైన ఘట్టం. కరవు సహాయం కోసమే వేలాదిమంది మతంలో కలిశారన్నది తరచుగా వినిపించే వ్యాఖ్య. ఆ వ్యాఖ్యను సంఘటనల క్రమంతో పోల్చి చూడాలి. బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని క్లౌ గుత్తకు తీసుకుని, కరవు బాధితులకు పని కల్పించారు. మాదిగ బోధకులు అక్కడ మేస్త్రీలుగా ఉన్నారు. పగలు మట్టిపని, సాయంత్రం బోధ సాగాయి. వివిధ ప్రాంతాల నుంచి వచ్చిన కూలీలు ఆ మాటలు విన్నారు. అయితే సహాయం ఆశించి చేరుతున్నారన్న అనుమానానికి తావు ఇవ్వకూడదని దాదాపు పదిహేను నెలలపాటు బాప్తిస్మాలు ఇవ్వడం నిలిపివేశారు. 1878 జూన్‌లో తిరిగి ప్రారంభించారు.

జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ ఆ సంస్కారం జరిపారు. క్లౌ స్వయంగా నీటిలోకి దిగలేదు. జూన్ మధ్య నుంచి ఆ ఏడాది చివరి వరకు బాప్తిస్మం పొందినవారి సంఖ్య 9,606. ఈ సంఖ్యలు ప్రపంచ మిషన్ చరిత్రలో ప్రసిద్ధికెక్కాయి. కాని సంఖ్యల కంటే ముందున్న ఆ పదిహేను నెలలు ఈ వ్యాసానికి ముఖ్యం. ఆ కాలంలో ఎందరో కొత్తవారు బాప్తిస్మం లేకుండానే వింటూ గడిపారు. పాఠం విన్నారు, పేర్లు రాయించుకున్నారు. అయినా సంఘసభ్యులు కాలేదు. కరవు పంచిన కష్టం వారిని కదిలించిందన్నది నిజం. సహాయానికి బదులుగా మతం అన్న సూత్రం మాత్రం ఈ క్రమాన్ని పూర్తిగా వివరించదు. కరవు ముగిసి కూలిపని ఆగిన తరువాతే బాప్తిస్మం దొరికింది. ఆ తరువాత నియమాలు మోపిన భారం జీవితాంతం మిగిలింది.

పరిమితులు

ఈ చరిత్రకు ఆధారాలు ప్రధానంగా మిషనరీల రచనలే. పేరయ్య మాటలు ఎమ్మా క్లౌ, జాన్ క్లౌ ఆంగ్ల కథనాల ద్వారానే మనకు అందుతున్నాయి. నియమాలు పాటించలేక వెనుదిరిగినవారి గొంతు వాటిలో బహుస్వల్పం. స్త్రీల అనుభవం ఇంకా తక్కువ. కొలుపులో మాతంగిగా ప్రత్యేక స్థానం ఉన్న స్త్రీకి మూడో నియమం ఏం పోగొట్టిందన్న ప్రశ్నకు అక్కడ సమాధానం లేదు.

నియమాల స్వభావంలోనూ ఒక వైరుధ్యం ఉంది. చచ్చిన గొడ్డు మాంసం మానమనడం మాదిగకు గౌరవాన్ని ఇచ్చింది. అదే సమయంలో ఆ ఆహారం నీచమన్న అగ్రవర్ణ దృష్టిని అది పరోక్షంగా ఆమోదించింది. డప్పును విడవమనడం ఊరి పెత్తనం నుంచి తప్పించింది; మాదిగ కళాసంపదలో ఒక భాగాన్ని కూడా దూరం చేసింది. తరువాతి కాలంలో దళిత సాహిత్యం డప్పును ఆత్మగౌరవ చిహ్నంగా మళ్ళీ చేతిలోకి తీసుకున్నప్పుడు, ఈ పాత నిషేధంతో కూడా అది పరోక్షంగా సంభాషిస్తోందని గుర్తించాలి. ఒకే డప్పును ఒక తరం విడిచిపెట్టి, మరో తరం పట్టుకుని గౌరవాన్ని వెదికింది. రెండు సందర్భాల్లోనూ ప్రశ్న ఒక్కటే: ఎవరి ఆజ్ఞ మీద అది మోగాలి?

ముగింపు

ఒంగోలు ప్రాంతంలో నూతన క్రైస్తవుడి తొలి పాఠం సిద్ధాంతపరంగా క్లుప్తమైనది, ఆచరణలో కఠినమైనది. ప్రశ్నోత్తరి చదవలేని సమాజంలో విశ్వాసం మూడు నిరాకరణల రూపం తీసుకుంది. ఆ నిరాకరణలు గ్రామంతో మాదిగకున్న ఆర్థిక, ఆచార బంధాలను నేరుగా తాకాయి. కాబట్టి మతాంతరీకరణను సహాయం కోసం చేసిన బేరంగా గానీ, కేవలం అంతరంగ పరివర్తనగా గానీ చదివితే ఈ పార్శ్వం కనుమరుగవుతుంది. మొదటి వాదం నియమాల వెలను లెక్కించదు. రెండోది ఆ వెల ఊరి మధ్యలో, నలుగురి ఎదుట చెల్లించవలసి వచ్చిందని గమనించదు.

తెలుగు సాహిత్య పరిశోధనకు దీని నుంచి ఒక సూచన అందుతుంది. క్రైస్తవ తెలుగును అనువాద గ్రంథాల పదకోశంగా మాత్రమే పరిశీలించడం చాలదు. ఉపదేశి, కలవడం వంటి వాడుక మాటలు, పల్లె సంఘాల మౌఖిక సాక్ష్యాలు, కుటుంబాల్లో నిలిచిన జ్ఞాపకాలు సేకరించి ముద్రిత పాఠాలతో పోల్చవలసి ఉంది. ప్రకాశం జిల్లా పల్లెల్లో మొదట మతంలో కలిసిన ముత్తాతల కథలు చెప్పగలవారు ఇంకా ఉన్నారు. ఆ కథలను మిషనరీ కథనాల పక్కన ఉంచినప్పుడే, ఆదివారం పనికి రానని ఆసామితో మొదటిసారి చెప్పిన మనిషి మాట అతని భాషలోనే వినిపించే అవకాశం ఉంటుంది.